ఇర్మా అమ్మిన రంగు

ఆ వసంతానికి ఇర్మా కైతిలాకి డెబ్బై మూడేళ్ళు. అందులో నలభై ఏళ్ళు రంగుల కొట్టు బల్ల వెనక నిలబడే గడిచాయి. రేవు పట్నం రౌమాలోని పాత ఊళ్ళో ఏ గుమ్మానికి ఏ రంగు వేశారో, ఆ డబ్బా ఏ నెలలో కొన్నారో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. మనుషుల పేర్లు గుర్తురాకపోతే "అదే, కిటికీలకి చిలకపచ్చ వేయించాడే, ఆయన" అని సరిపెట్టుకుంటుంది. అంతటి మనిషీ తాను కాపురముంటున్న తాళ్ల సందు గోడల సంగతి ఎవరైనా ఎత్తితే మాత్రం, కాఫీ గిన్నె కడగాలని లేచి వెళ్ళిపోయేది.

తాళ్ల సందు అంటే ఒకప్పుడు ఓడలకి తాళ్ళు పేనినవాళ్ళ సందు. మొత్తం పన్నెండిళ్ళు. పెద్ద వీధిలో షావుకార్ల ఇళ్ళు అవిసె నూనె రంగులతో లేత పసుపులో, నీలంలో నిగనిగలాడుతుంటే, వీళ్ళవి మోకాలెత్తు రాతి పునాది మీద దుంగల ఇళ్ళు. దుంగల మీద చెక్క పలకలు, పలకల మీద జేగురు. ఎర్రమట్టి, అన్నభేది, రై అనే గోధుమలాంటి గింజల పిండి నీళ్ళలో వేసి, అంబలి కాచినట్టు కాచి పూసే రంగు అది. చవక. కాకపోతే ముట్టుకుంటే అంటుకునేది. పెళ్ళికి బయల్దేరినవాళ్ళు గోడవార నడిస్తే కోటు భుజం ఎర్రబడుతుందని సందు నడిమధ్యన నడిచేవారు. పెద్ద వీధి పిల్లలు బళ్ళో వీళ్ళకి "ఎర్రభుజాలు" అని పేరు పెట్టారు. ఇర్మా ఆ మాట పడుతూనే పెరిగింది.

అందుకే 1974 వేసవిలో కొట్టుకి కొత్త రంగు వచ్చినప్పుడు ఇర్మా ఎగిరి గంతేసింది. నీళ్ళలో కలిపే ప్లాస్టిక్ రంగు. వాసన లేదు, గంటలో ఆరుతుంది, భుజానికి అంటదు. ఒకసారి వేస్తే ఇరవై ఏళ్ళు బ్రష్షు ముట్టుకోనక్కర్లేదని అమ్మకాలకి వచ్చిన మనిషి చెప్పాడు. ఇర్మాకి అప్పుడు ఇరవై నాలుగేళ్ళు. నమ్మింది. నమ్మి ఊరుకోలేదు, రంగుల చీటీ చంకలో పెట్టుకుని సందులో ప్రతి తలుపూ తట్టింది. మనమూ పసుపు రంగు ఇళ్ళలో ఉండొచ్చంటే ఎవరికి చేదు? అందరూ సరే అన్నారు.

కాదన్నది ఒక్క మనిషే. ఏనో వెస్టర్‌లుండ్, ఆరో నంబరు ఇల్లు, గోడలకి రంగులేయడం పని. ముప్పై ఐదేళ్ళకే సందంతా ఆయన్ని "మేస్త్రీ" అని పిలిచేవారు. పేరు పెట్టి పిలిస్తే పెద్దవాళ్ళు కసిరేవారు కూడా. ఆయన కొట్టుకొచ్చి డబ్బా మూత తీశాడు, వాసన చూశాడు, చిటికెడు రంగు వేళ్ళ మధ్య రాసి సాగదీశాడు.

"ఇది రంగు కాదమ్మాయ్, రెయిన్‌కోటు," అన్నాడు. "దుంగ ఇల్లు ఊపిరి పీల్చుకోవాలి. దీన్ని పూస్తే తడి లోపలే ఉండిపోద్ది. పైగా కింద ఎర్రమట్టి దుమ్ము. దేన్ని పట్టుకుని నిలబడుద్దిది?"

"గోడలకి చెవులుంటాయని విన్నాం మేస్త్రీ," అంది ఇర్మా, "ముక్కు కూడా ఉంటుందా?"

కొట్లో ఉన్న నలుగురూ పగలబడి నవ్వారు. ఇర్మాకి ఊపొచ్చింది. ఆ ఊపులో ఇంకో మాట అనేసింది. "అయినా ఇందులో అవిసె నూనె కలిపే చేశారు. నీ పాత రంగుకి చెల్లెలే అనుకో." ఆ సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు. నోటికొచ్చింది, అనేసింది. ఏనో ఒక నిమిషం డబ్బా వంక చూశాడు, మూత పెట్టాడు, ఆ వేసవిలోనే పన్నెండిళ్ళకీ అదే రంగు పూశాడు.

రెండేళ్ళు సందు కళకళలాడింది. పెద్ద వీధివాళ్ళు పనిగట్టుకుని చూడ్డానికి వచ్చారు. నాలుగో చలికాలం దాటేసరికి గోడలు పొట్టు రాల్చడం మొదలెట్టాయి. అరచేయంత పెచ్చులు లేచి వేలాడేవి, వెనకాల ఎర్ర దుమ్ము. జనం కొట్టు మీదికి వచ్చారు. వచ్చినవాళ్ళకి ఇర్మా చెప్పింది రెండే ముక్కలు. "రంగు మంచిదే మరి."

అంతే. అబద్ధం పూర్తిగా ఆడనక్కర్లేకపోయింది, మిగతాది జనమే పూరించుకున్నారు. రంగు మంచిదైతే తప్పు ఎవరిది? పూసినవాడిది. పాత మట్టి దులపకుండా పూశాడన్నారు, దుడ్డు మిగుల్చుకోవడానికి నీళ్ళు కలిపాడన్నారు. ఎండకి ఎవరి ముక్కు మీద తోలు ఊడినా "ఏనో పనితనం" అని వెక్కిరించేవారు. ఏడాది తిరిగేలోపు మేస్త్రీ అన్న పిలుపు పోయి ఒట్టి ఏనో మిగిలాడు. పాత ఊళ్ళో ఆయన్ని పనికి పిలిచినవాళ్ళు లేరు. ఓడల కార్ఖానాలో ఇనుప పొట్టలకి రంగు కొట్టి రిటైరయ్యాడు. సందువాళ్ళు ఊడిన చోటల్లా మళ్ళీ అదే ప్లాస్టిక్ రంగు పూసుకుంటూ వచ్చారు. పైన పటారం, లోన లొటారం. ఆ డబ్బాలు అమ్మిందీ ఇర్మాయే. నిజం ఆమెకి తెలియకపోలేదు. ఉద్యోగం పోతుందని మొదట్లో భయపడింది, తర్వాత ఆలస్యమైపోయిందని సిగ్గుపడింది. సిగ్గు భయం కంటే ఎక్కువ కాలం మన్నుతుంది.

ఇన్నేళ్ళకి ఆ వసంతంలో వీరా లిండ్‌రూస్ వచ్చింది. పాత ఇళ్ళ బాగోగులు చూడమని ఊరు పెట్టుకున్న ఆర్కిటెక్టు. ముప్పై రెండేళ్ళుంటాయి. నక్షాలు పట్టుకొచ్చి ఉపన్యాసమిస్తుందనుకుంటే ఒక నోటుపుస్తకం, ఒక దబ్బనం పట్టుకుని ఇంటింటికీ తిరిగింది. మీ ఇంట్లో ఎవరెవరు ఉండేవారు, ఈ తలుపు ఎప్పుడు పెట్టారు, చలికాలం ఏ గది వణికిస్తుంది అని అడిగేది. రోజుకి ఏడు కప్పుల కాఫీ తాగేది. తాగలేకపోయినా తాగేది. చివర్లో బయటికొచ్చి గోడ అడుగు పలకలో దబ్బనం గుచ్చేది. ఉడికిన దుంపలోకి దిగినట్టు దిగిపోయేది.

ఆమె దాపరికం లేకుండా చెప్పింది. ముందున్నవి రెండు దార్లు. ఫ్యాక్టరీ పలకలు తెచ్చి గోడలన్నిటి మీదా కొట్టేస్తే ఒక్క వేసవిలో పని ముగుస్తుంది, కానీ కుళ్ళు లోపలే ఉంటుంది, తాళ్ల సందు ఏ ఊరి సందైనా కావచ్చు. లేదా ప్లాస్టిక్ అంతా గీకి, చెడిన పలకలు మార్చి, మళ్ళీ జేగురు కాచి పూయడం. దానికి అంతమంది పనివాళ్ళు దొరకరు. సందువాళ్ళే తాల్కోత్, అంటే ఇరుగుపొరుగు కలిసి చేసే పని, పెట్టుకోవాలి. తాల్కోత్‌లో కూలి ఉండదు. ఎవరి ఇంటి పనో వాళ్ళు మిగతావాళ్ళకి సూపూ కాఫీ పెట్టాలి. రాకపోతే ఎవరూ ఏమీ అనరు, పదేళ్ళు గుర్తుపెట్టుకుంటారంతే.

"మీరు ఏది చేస్తే బాగుంటుందో నాకొక అభిప్రాయం ఉంది," అంది వీరా. "కానీ ఇక్కడ బతికేది మీరు. సందంతా ఒక్క మాట మీదికి రండి. ఒకరు అటూ ఒకరు ఇటూ అయితే రెండూ చెడతాయి."

మే నెల ఆదివారం మధ్యాహ్నం పాత బడి హాల్లో కూర్చున్నారు. ఏనో తప్ప అందరూ వచ్చారు. ఆయన సందు మీటింగుకి వచ్చి నలభై ఏళ్ళు దాటింది. ముందుగా కావ్కో లేచాడు. రేవులో క్రేను నడిపి రిటైరైన మనిషి, గొంతు ఇంకా క్రేను మీద నుంచి అరుస్తున్నట్టే ఉంటుంది.

"చేత్తో చేసిన పని ఏమైందో చూశాం గదా," అన్నాడు. "పనొచ్చిన ఏనోయే గోడలన్నీ తగలేశాడు. ఇక పని రాని మనం నలుగురం కలిసి ఏం ఉద్ధరిస్తాం? పలకలు కొట్టిపారేద్దాం, పీడా వదిలిపోద్ది."

తలలు ఊగాయి. ఇర్మా వరసగా అందరి మొహాలూ చూసింది. వాళ్ళకి జేగురంటే అసహ్యం లేదు, ఒళ్ళు వంచడం ఇష్టం లేకనూ కాదు. చేతుల మీద నమ్మకం పోయింది. ఆ నమ్మకాన్ని తుడిచిపెట్టింది తన రెండు ముక్కలు. ఇప్పుడు చేతులెత్తితే గోడలూ పోతాయి, ఏనో పేరూ ఆ పలకల కింద శాశ్వతంగా సమాధి అవుతుంది. ఇర్మా కుర్చీ వెనక్కి జరిపింది. లేచింది.

"ఏనో తప్పు లేదు," అంది. "ఆయన వద్దన్నాడు. ఎర్రమట్టి మీద నిలవదని, తడి లోపలే ఉండిపోతుందని కొట్లో నా మొహం మీదే చెప్పాడు. నేను ఎగతాళి చేశాను. అందులో అవిసె నూనె ఉందని అబద్ధమాడాను. పెచ్చులూడాక మీరొచ్చి అడిగితే రంగు మంచిదే అన్నాను. మంచిది కాదు. అప్పటికే నాకు తెలుసు. ఇంక నాకు చెప్పడానికేం లేదు."

కూర్చుంది. ఎవరో దగ్గారు. ఒకావిడ చేతిసంచీ తీసుకుని ఇర్మా పక్క కుర్చీలోంచి లేచి వెనక వరసలోకి వెళ్ళి కూర్చుంది.

"మా అమ్మ పోయేదాకా ఏనోని తిట్టింది," అన్నాడు కావ్కో చివరికి.

"తెలుసు."

"తిట్టడానికి నీ వంటింట్లోనే కూర్చునేది. నీ కాఫీ తాగుతూ."

"అవును కావ్కో."

కావ్కో మెడ వెనక గోక్కున్నాడు. చాలాసేపు గోక్కున్నాడు. "అంటే," అన్నాడు, "తప్పు చేతిది కాదన్నమాట."

"కాదు."

"అయితే ఇందాక నేను వాగిందంతా వేరే లెక్క అవుద్ది." ఆయన కూర్చున్నాడు. వీరా చేతులెత్తమన్నప్పుడు జేగురుకి తొమ్మిది చేతులు లేచాయి. అందులో అన్నిటికంటే పైకి లేచింది కావ్కోది. మిగతా ఇద్దరూ అటూ ఇటూ చూసి, సరే కానివ్వండన్నారు.

చేసిన పాపం చెబితే పోతుందంటారు. ఎవరికి చెప్పాలో వాళ్ళకి చెబితేనే పోతుంది. ఇర్మా హాలు నుంచి ఇంటికి వెళ్ళలేదు. ఆరో నంబరు ఇంటి ముందు నిలబడి పెరటి గేటు తోసింది. నలభై ఏళ్ళలో ఆ గేటు ముట్టుకోవడం అదే మొదటిసారి. ఏనో మెట్టు మీద కూర్చుని ఉడికించిన దుంపల తొక్క తీస్తున్నాడు. పక్కన పళ్ళెంలో ఉప్పు చేప.

"మేస్త్రీ," అంది.

"ఆ పేరుగలవాడెవడూ ఇక్కడ లేడు."

"ఇవాళ మీటింగులో అందరి ముందూ చెప్పాను."

"కావ్కో వచ్చి చెప్పిపోయాడు. నీకంటే వాడి కాళ్ళు చురుకు."

"తప్పు నాది ఏనో. అవిసె నూనె ఉందని అబద్ధం చెప్పాను. నువ్వు నమ్మావు."

ఏనో తొక్క తీయడం ఆపాడు. నవ్వాడు కూడా. "ఆ డబ్బా మీద ఏం రాసుందో నాకు చదవడం రాదనుకున్నావా? మూత తీసినప్పుడే తెలుసు నాకు. పన్నెండిళ్ళ పని ఒక్క వేసవిలో దొరికింది. నేను కాకపోతే ఇంకొకడు పూస్తాడు. నువ్వు చెప్పిన మాట నాకు బాగా కలిసొచ్చింది, రేపేదైనా అయితే ఆ పిల్లే అలా చెప్పిందనొచ్చని. తీరా అయ్యేసరికి ఆ మాట అనడానికి నాకూ నోరు రాలేదు."

ఇన్నేళ్ళూ తానొక్కతే మోస్తున్నానని ఇర్మా అనుకున్న బరువుకి అవతలి కొస ఈయన పట్టుకుని ఉన్నాడు. "మరి ఇన్నేళ్ళూ నాతో మాట్లాడనిదెందుకు?" అంది.

"రంగు గురించి కాదు." ఏనో కత్తి కింద పెట్టాడు. "ఒకరోజు మీ కొట్టుకి మేకుల కోసం వచ్చాను. తలుపు తీసే ఉంది. లోపల ఎవడో తోలూడిన ముక్కు చూపించి ఏనో పనితనం అన్నాడు. వాడన్నందుకు నాకేం కాలేదు. నువ్వు నవ్వావు. సంగతి తెలిసిన మనిషి ఊళ్ళో నువ్వొక్కతివే, నువ్వు నవ్వావు. మేకులు కొనకుండా వెళ్ళిపోయాను."

ఆయన తలుపు దగ్గర ఉన్నాడని ఇర్మాకి అప్పటిదాకా తెలియదు. నవ్వడం మాత్రం గుర్తుంది. ఎవడి ముక్కో, అతని ఇంటి తలుపు ఏ రంగో కూడా గుర్తుంది. హాల్లో అందరి ముందూ చెప్పింది దీని ముందు ఎంత తేలికో అప్పుడు తెలిసింది.

"నవ్వాను," అంది. "ఏడవాల్సిన చోట నవ్వాను. నన్ను క్షమించు ఏనో."

ఏనో కాలితో స్టూలు ఆమె వైపు నెట్టాడు. "దుంప చల్లారితే ఎందుకూ పనికిరాదు. తిను," అన్నాడు.

జూలైలో మొదటి తాల్కోత్ ఇర్మా ఇంటి దగ్గరే మొదలైంది. ఎవరి రంగు వాళ్ళే ముందు గీక్కోవాలని కావ్కో తీర్మానించాడు, ఎవరూ కాదనలేదు. మూడు వారాలు గీకారు. పసుపు కింద ఇంకో పసుపు, దాని కింద ఇంకోటి. పెచ్చులు గోనెసంచుల్లో నింపుతుంటే కావ్కో, "ఇది నువ్వు డెబ్బై ఎనిమిదిలో అమ్మిందా, ఎనభై మూడులోదా?" అని అడిగేవాడు. ఇర్మా పెచ్చు పట్టుకుని చూసి తడుముకోకుండా చెప్పేది. ఎనభై ఒకటి, మార్చి. అది చూసి జనం నవ్వారు, ఇర్మానీ నవ్వనిచ్చారు. చేతిసంచీతో లేచి వెళ్ళినావిడ రోజూ పనికి వచ్చింది, ఇర్మా చేసిన సూపు మాత్రం ముట్టలేదు. ఇంటి నుంచి రొట్టె తెచ్చుకుని తినేది. అడిగే హక్కు తనకి లేదని ఇర్మాకి తెలుసు.

ఏనో ఇరవై రోజులూ తన కిటికీలోంచి చూశాడు, గుమ్మం దాటలేదు. రంగు కాచే రోజు వచ్చింది. పెరట్లో పెద్ద కాగు పెట్టారు, నీళ్ళు మరిగాయి, అన్నభేది వేశారు. వీరా తెచ్చిన కాగితంలో పిండి మెల్లమెల్లగా వేయాలని ఉంది. కావ్కోకి మెల్లగా అన్న మాట జీవితంలో పడదు. సంచీ బోర్లించేశాడు. గుప్పెడేసి ఉండలు పైకి తేలాయి. అందరూ కాగు చుట్టూ నిలబడి ఎవరికి తోచిన సలహా వాళ్ళు ఇస్తుండగా గేటు దగ్గర నుంచి కేక వినిపించింది.

"రంగు కాస్తున్నార్రా, రొట్టెలు చేస్తున్నార్రా?"

ఏనో గబగబా వచ్చాడు. ఎనభై నాలుగేళ్ళ మనిషి అంత వేగంగా నడవడం సందులో ఎవరూ చూడలేదు. కావ్కో చేతిలో తెడ్డు లాక్కున్నాడు. మంట తగ్గించమన్నాడు, ఉండలు తీసి పక్కన గిన్నెలో చన్నీళ్ళతో మెదిపి మళ్ళీ పోయమన్నాడు, ఎర్రమట్టి అప్పుడే ముట్టుకుంటే చేతులు విరుస్తానన్నాడు. తెడ్డు ఎత్తి దాని అంచు నుంచి జారే ధారని కళ్ళు చికిలించి చూశాడు.

"ఇప్పుడు మట్టి వెయ్యమంటారా మేస్త్రీ?" అని కావ్కో అడిగాడు. తానేమన్నాడో కావ్కోకి తెలియదు, ఆ పిలుపు చిన్నప్పుడు తల్లి కసిరి నేర్పిన పిలుపు, దానంతటదే వచ్చింది. ఏనో తెడ్డు తిప్పుతూనే ఉన్నాడు. ఆ పిలుపు చెవిన పడ్డాక ఒక రెండు చుట్లు ఎదురు దిశలో తిప్పాడు. "కాస్సేపాగు," అన్నాడు.

ఆ సాయంత్రానికి ఇర్మా ఇంటి వీధి గోడ ఎర్రగా నిలబడింది. వీరా భుజం ఆనించి చూసుకుని, అంటిన ఎరుపు దులుపుకోకుండా అలాగే ఇంటికి వెళ్ళింది. మరుసటి వేసవిలో కావ్కో ఇల్లు అయింది. ఈసారి పక్క సందువాళ్ళు కూడా వచ్చారు, కాగు దగ్గర ఎలా కాస్తారో రాసుకోవడానికి. ఏనో రాయనివ్వలేదు. రాసుకున్నది కాగితంలో ఉంటుంది, తెడ్డు పట్టుకోండన్నాడు. ఒక్కొక్కరి చేతా పావుగంట తిప్పించాడు.

ఆగస్టు ఆఖరున ఎండ ఇంకా మిగిలి ఉందని, వచ్చే ఏటి ఇంటికి అడుగు పలకలు ఇప్పుడే గీకి పెట్టడానికి ఇర్మా కూర్చుంది. మోకాళ్ళ కింద పాత దిండు. ఏనో పక్కన కుర్చీ వేసుకుని, ఆమె వదిలేసిన చోట్లు కర్రతో చూపిస్తున్నాడు.

"ఏడాదికి ఒక ఇల్లు," అంది ఇర్మా. "ఇంకా పది ఉన్నాయి. ఆఖరిది అయ్యేసరికి నాకు ఎనభై నాలుగు వస్తాయి."

"నాకు తొంభై ఐదు."

ఇర్మా గీకడం ఆపి ఆయన వైపు చూసింది. "ఏనో, వచ్చే వేసవికి దీని బదులు నీ ఇల్లు పెట్టుకుందాం. అందరూ ఒప్పుకుంటారు."

"నాది ఆఖరునే."

"ఎందుకూ మొండితనం?"

"నాది అయిపోతే ఇంక మీ గోడలు చూడ్డానికి నేనెందుకు లేస్తాను పొద్దున్నే?" ఏనో కర్ర చాచి ఒక పలక మీద తట్టాడు. "ఇక్కడ ఇంకా పసుపుంది. కబుర్లాపి గీకు."